ఎవరికి చూపిచ్చిన్రు?

అగరుబత్తి పొగ, వేడెక్కిన ప్లాస్టిక్కు, అప్పుడే పీచు ఒలిచిన కొబ్బరికాయ. ఈ మూడు వాసనలు ఒకేసారి ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. మొన్న చిల్కూరు పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో అదే జరిగింది. టమాటాలను సైజుల వారీగా ఏరే యంత్రం తయారుచేసిన కుర్రవాడొకడు పూజకు పిలిస్తే వెళ్లాను. షామియానా వేశారు. ముందు వరుస కుర్చీల్లో ఊరి పెద్దలు, వెనక సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకున్న జనం. స్విచ్చు మీద కుర్రవాడి వేలు ఉంది. అయ్యగారి చేతిలో కొబ్బరికాయ పైకి లేచింది. "ఆగు!" అని అరిచాను. అందరూ మెడలు తిప్పి నా వైపు చూశారు. శుభమా అని పూజ చేసుకుంటుంటే ఈవిడెవరు, ఈ అరుపేమిటి అన్నట్టు కుర్రవాడి తల్లి ముఖం మాడ్చుకుంది. నాకేమీ సిగ్గనిపించలేదు. తిన్నగా అతని దగ్గరికి నడిచి, చెవిలో ఒక ప్రశ్న అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు, ప్రమీలా మేడంది.

ప్రమీలా మేడం పేటెంట్ ఏజెంటు. కొత్తగా ఏదైనా కనిపెట్టినవాళ్ల తరఫున, అది వాళ్లదేనని ప్రభుత్వం దగ్గర హక్కు సంపాదించిపెట్టడం ఆమె పని. నగరంలో ఒక పరిశోధన సంస్థలో చాలాకాలం పనిచేసి, అక్కడి పొగకు ఉబ్బసం ముదిరితే, మొయినాబాద్‌లో ఒక ఇంటి ముందు భాగం కిరాయికి తీసుకుని బోర్డు పెట్టింది. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మా దిక్కు చేన్లకు ప్రహరీలు, ప్రహరీలకు గేట్లు, గేట్లకు తాళాలు పడుతున్నాయి. బోర్డు మీద ఏజెంటు అన్న మాట ఒక్కటే చదివి, "మేడం, గీడ ఎకరం ఎట్లున్నది?" అని జనం లోపలికి వచ్చేవాళ్లు. "ఎకరాలు లేవు. ఏమన్న కొత్తగ కనిపెట్టినవా? అయితే కూసో. లేకుంటే తొవ్వ పట్టు" అనేది. లావాటి కళ్లద్దాలు, గంజి పెట్టిన నూలు చీర, నోట్లో ఎప్పుడూ సోంపు గింజలు. కోపం ముక్కు మీదే ఉండేది. ఆ కోపం చూసి పారిపోయినవాళ్లే మళ్లీ పని పడితే ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆమె దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ మొదట ఒక శిక్ష ఉండేది. "చేతులు ఎన్కకు కట్టుకో. ఇగ చెప్పు, నీ మిషన్ ఏం చేస్తది?" చేతులు కట్టేస్తే మనవాళ్లకు సగం మాటలు పడిపోతాయి. "ఇది ఇట్ల తిరుగుతది మేడం, గది వచ్చి గిట్ల తగులుతది" అని నీళ్లు నమిలేవాళ్లు. "ఇట్ల అంటే ఎట్ల? ఎటు దిక్కు తిరుగుతది? దేనికి తగులుతది? కాగితం మీద చేతులుండయి నాయనా, మాటలే ఉంటయి" అని వెంటపడేది. చెమటలు పట్టి, తిట్టుకుని, చివరికి ఎవరో ఒకరు ఒక్క వాక్యం సరిగ్గా చెబితే ఆమె ముఖం వెలిగిపోయేది. ఆ వాక్యాన్ని నాతో టైపు చేయించేది. దేని మీద హక్కు అడుగుతున్నామో చెప్పే అలాంటి వాక్యాలనే క్లెయిములు అంటారని నాకు తెలిసింది అక్కడే.

నన్ను ఆమె దగ్గర పనిలో పెట్టింది మా జంగన్న. మాది ఆలూరు. అన్నకు చేవెళ్ల బస్టాండు దగ్గర జిరాక్సు, స్కానింగు దుకాణం ఉండేది. భూముల ధరలు లేవగానే మా దిక్కు ప్రతి ఇంట్లోనూ తాతలనాటి కాగితాలు బయటికి వచ్చాయి. ఉర్దూలో రాసినవి, వేలిముద్రలు వేసినవి, మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉన్నవి. వాటిని స్కానరు అద్దం మీద పెట్టి మూత నొక్కితే మడత నల్లటి గీతగా పడేది, దాని కింద సర్వే నంబరు పోయేది. మళ్లీ తీయాలి, మళ్లీ నొక్కాలి. నొక్కినప్పుడల్లా కాగితం ఇంకాస్త చిరిగేది, దాని యజమాని ప్రాణం విలవిల్లాడేది. ఇది చూడలేక అన్న మూతే లేని యంత్రం ఒకటి చేశాడు. నల్ల పలక మీద కాగితం, పైన కెమెరా. అసలు స్కాను తీయకముందే కాగితం ఎలా రాబోతుందో తెర మీద కనిపిస్తుంది. ఆ తెర కాగితం తెచ్చిన మనిషి వైపు తిరిగి ఉంటుంది. సరిగ్గా రాని చోటు ఎర్రగా వెలుగుతుంది. ఆ మనిషే తన కాగితాన్ని తన వేళ్లతో మెల్లగా సవరించుకుంటే ఎరుపు పోతుంది. అప్పుడు తీస్తాడు. మరి మడత ఏదో, సిరా ఏదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? దానికి అటొక దీపం, ఇటొక దీపం పెట్టాడు. ఒకటి ఆరితే ఒకటి వెలుగుతుంది. ఎడమ దీపానికి మడత నీడ కుడికి పడుతుంది, కుడి దీపానికి ఎడమకు పడుతుంది. సిరా ఎక్కడికీ కదలదు. కదిలింది మడత, కదలనిది రాత.

దీనికి పేటెంటు దరఖాస్తు మేడమే వేసింది. ఆ తర్వాతే నేను ఆమె దగ్గర చేరాను. హైటెక్ సిటీ కంపెనీ ఒకటి, పేటెంటు వస్తే తమ యంత్రాల్లో దీన్ని పెడతామని అన్నకు మాట ఇచ్చింది. వస్తేనే. అన్న ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లి సంబంధాలు వచ్చినా "పేటెంటు వచ్చినంక చూద్దాం అవ్వా" అని అమ్మకు చెప్పి దాటవేసేవాడు. మద్రాసులోని పేటెంటు ఆఫీసులో పనులు నత్తనడక. కొన్నేళ్లు గడిచాక గాని, దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినర్ రిపోర్టు రాలేదు. అందులో రెండు అభ్యంతరాలు. ఇలా ముందుగా బొమ్మ చూపించే పద్ధతి వేరే దేశాల్లో ఇదివరకే ఉంది, దీనికీ దానికీ తేడా చూపించండి అని ఒకటి. ఇది వట్టి కంప్యూటరు ప్రోగ్రాము, దానికి పేటెంటు ఇవ్వము అని రెండోది. అన్న ముఖం పాలిపోయింది. మేడం మాత్రం సోంపు నములుతూనే ఉంది. "గివి అందరికి రాస్తరు. జవాబు ఉన్నది, ఫికర్ చెయ్యకు. కానీ రాసే ముందు మల్ల ఒకసారి అడుగుతున్న జంగయ్యా. దరఖాస్తు ఏసేటందుకు ముంగట, ఈ మిషన్ ఎవరికి చూపిచ్చిన్రు?"

"ఎవరికి చూపియ్యలే మేడం" అన్నాడు అన్న. ఏ తడబాటూ లేదు.

టైపు చేస్తున్న నా వేళ్లు ఆగిపోయాయి. అన్న అబద్ధమాడే మనిషి కాడు. పూజ చేసుకోవడం అంటే చూపించడమని మా ఇంట్లో ఎవరికి తోస్తుంది? దరఖాస్తు కాగితాలు సిద్ధమవుతున్నప్పుడే అయ్యగారు మూఢం వస్తున్నదని చెప్పారు. మూఢం పడితే కొత్త యంత్రానికి ముహూర్తం ఉండదు. పూజ చేయకుండా యంత్రం వాడటం మా అవ్వ ఒప్పుకోదు. అందుకని గబగబా దుకాణం ముందు షామియానా వేయించి, ఆలూరునూ చేవెళ్లనూ పిలిచి, కొబ్బరికాయ కొట్టి, స్విచ్చు నొక్కాడు. దరఖాస్తు ఆ తర్వాత వెళ్లింది. ఆ రోజు నేను వెనక నిలబడి లడ్డూలు పంచాను. చెప్పాలా వద్దా అని నేను ఆలోచించుకున్నది ఒక్క క్షణమే. ఆ క్షణం నాకు చాలా పొడుగ్గా ఉంది. "అన్నా, మరి కొబ్బరికాయ కొట్టిన రోజు?" అన్నాను.

మేడం నమలడం ఆపేసింది. "ఏ కొబ్బరికాయ?"

అన్న నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు. షామియానా దాకా వచ్చేసరికి అతని నవ్వు తగ్గింది, ఆమె ముఖం చూసి. మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. దరఖాస్తు తేదీకి ముందు పదిమంది ఎదుట బహిరంగంగా నడిపిన యంత్రం చట్టం దృష్టిలో కొత్తది కాదని, అది అందరి సొత్తు అయిపోతుందని మెల్లగా చెప్పింది. ఆమె అరిస్తే బాగుండుననిపించింది నాకు.

"మద్రాసుల కూసున్నోళ్లకు చేవెళ్లల జరిగింది ఎట్ల తెలుస్తది మేడం?" అన్నాడు అన్న.

"నాకు తెలిసింది గదా."

ఆమె కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తర్వాత ఆమే మళ్లీ అంది. "పేటెంటు వచ్చినంక గూడ ఎవడన్న కోర్టుకు పోయి పడగొట్టొచ్చు. దానికి ఒక్క సాక్షి చాలు. నువ్వు ఊరంతా సాక్షులను పెట్టుకున్నవ్ గద నాయనా."

ఆ సాయంత్రం బస్సులో అన్న నా పక్కన కూర్చోలేదు. ఇంటికి వచ్చాక అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "ఇంటి ఆడివిల్లవై ఉండి నువ్వే నోరు తెరుస్తివా బిడ్డా?" అంది. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. "నేను చెప్పకుంటే రేపు కోర్టుల ఇంకొకడు చెప్తడు. గప్పుడు ఎవరిని తిడ్తవ్?" అని కంచం నెట్టేసి లేచాను. నేను చేసింది తప్పని నాకు ఎప్పుడూ అనిపించలేదు. కానీ అన్న నాతో మాట్లాడకపోవడం భరించడం చాలా కష్టమైంది. ఒకే ఇంట్లో తిరుగుతూ, అవ్వతో "దానికి చెప్పు" అని కబురు పంపేవాడు.

కొద్ది రోజులకు అన్న ఆ కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని మొయినాబాద్ వచ్చాడు. తెల్లటి చొక్కా, మెడలో కంపెనీ కార్డు. ఆయన చట్టం బాగానే చదువుకుని వచ్చాడు. జనం మధ్యలో తప్ప పరీక్షించలేని యంత్రాన్ని పరీక్ష కోసం నడిపితే అది తప్పు కిందికి రాదట. "ట్రయల్ అని రాసేయండి మేడం, సరిపోతుంది" అన్నాడు.

"ట్రయల్‌కు షామియానా ఏస్తరా? లడ్డూలు పంచుతరా? మైకు పెట్టి సర్పంచును పిలుస్తరా?" అంది మేడం. ఆయన ఇంకేదో అనబోయాడు. "ఛాయ్ తాగుండ్రి, పోండ్రి" అంది.

ఆయన వెళ్లాక అన్న గడప దగ్గరే నిలబడ్డాడు. "మేడం, మీకు ఇదొక ఫైలు. ఇది పోతే అల్మారల పెట్టి ఇంకోటి తీస్తరు. నాకు ఇదొక్కటే ఉన్నది. ఇది పోతే నేను మల్ల జిరాక్సు తీసేటోణ్నే."

ఆమె దానికి కోపగించుకోలేదు. "మొత్తం పోయిందని నేను అన్ననా? ఆ రోజు షామియానా కింద ఉన్నదంతా పోయినట్టే. ఆ రోజు అక్కడ లేనిది ఏమన్న ఉంటే, అది ఇంకా నీదే. చెప్పు జంగయ్యా, ఆ రోజు ఏమున్నది, ఏం లేదు?"

"అంతా ఉన్నది. బ్రహ్మాండంగ నడిచింది" అనేసి అన్న వెళ్లిపోయాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా చూసి మేడం నా వైపు తిరిగింది. ఆ రోజు వెనక లడ్డూల హడావిడిలో ఉండి నేను తెర చూడలేదు, మైకులో ఎవరేమన్నారో వినలేదు. కానీ ఒక్కటి గుర్తుంది. ముందు వరుసల్లో పెద్దగా నవ్వులు వినిపించాయి. ఆ వెంటనే మైకు ఆగిపోయింది. అదే చెప్పాను. "నవ్విన్రా? మంచిగ నడిస్తే చప్పట్లు కొడ్తరు గని ఎందుకు నవ్వుతరు?" అని లేచి చెప్పులేసుకుంది. ఇద్దరం చేవెళ్ల బస్సెక్కాం.

ఆ పూట మేం అడగని మనిషి లేడు. దర్జీ, చాయ్ దుకాణం ఆయన, మందుల షాపు ఆయన. అందరిదీ ఒకటే మాట. "ఫస్ట్ క్లాస్ నడిచింది మేడం." "జంగన్న మిషన్ అంటే ఏమనుకున్నరు? తెర మీద టక్కున పడ్డది." వాళ్లు పొగిడినకొద్దీ మేడం ముఖం నల్లబడుతోంది. మా అన్నకు మేలు చేస్తున్నామనుకుని ఒకరిని మించి ఒకరు చెబుతున్నారు. ఆ రోజు యంత్రం అంత బాగా నడిచిందంటే మాకు మిగిలేది ఏమీ లేదు. "మీ ఊరు మీ అన్నను ప్రేమతోనే ముంచెటట్టున్నదే పద్మా" అంది మేడం, దగ్గు ఆపుకుంటూ.

చివరికి ఆలూరులో, ఊరి వరసకు మాకు పెదనాన్న అయ్యే బాలయ్య పెద్దబాపు దగ్గరికి వెళ్లాం. ఆ రోజు యంత్రం మీద మొట్టమొదట పెట్టింది ఆయన కాగితమే. బంతిపూల చేనులో పూలు తెంపుతున్నాడు. మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చి, చేతులు కడుక్కుని, మాకు నీళ్లిచ్చి, ఆయన కూడా అదే అన్నాడు. "మస్తు మంచిగ వచ్చింది బిడ్డా."

"మరి అందరు ఎందుకు నవ్విన్రు పెద్దాయనా?" అంది మేడం.

ఆయన నా ముఖం చూశాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "ఎవలు నవ్విన్రు? ఎవలు నవ్వలే." కాసేపు పూలగంప సర్దాడు. తర్వాత ఆయనే ఆగలేక, "ఆ పోరడు ఆ దినం తలకాయ ఎత్తలే తల్లీ. ఆ ముచ్చట మల్ల తియ్యద్దని ఊరంత అనుకున్నం. ఇన్నొద్దులాయె, ఎవలం తియ్యలే. ఇప్పుడు నువ్వొచ్చి అడుగుతున్నవ్. వాణ్నే అడుగు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

తిరిగి చేవెళ్ల వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మేడం దుకాణంలోకి వెళ్లి, కాగితాలు తెచ్చేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. ఆయాసపడుతోంది. ఆ ఎండలో ఆమెను అంతదూరం తిప్పినందుకు నా మీద నాకే చిరాకు పుట్టింది. అన్న కంగారుగా మంచినీళ్లు ఇచ్చాడు. ఆమె తాగి, గ్లాసు కింద పెట్టి, "చేతులు ఎన్కకు కట్టుకో జంగయ్యా. వాళ్లు ఎందుకు నవ్విన్రు?" అంది.

అన్న షట్టరు సగం దించాడు. గోడ వైపు చూస్తూ చెప్పాడు. ఆ రోజు యంత్రానికి ఒకటే దీపం ఉంది. బాలయ్య పెద్దబాపు కాగితం పెట్టగానే తెర మొత్తం ఎర్రబడింది. మడతలతో పాటు రాత ఎర్రబడింది, ముద్ర ఎర్రబడింది, అడుగున పెద్దబాపు వాళ్ల నాయన వేసిన వేలిముద్ర కూడా ఎర్రబడింది. ఆయన మైకు దగ్గరే ఉన్నాడు. "ఏమ్రా, మా అయ్య వేలు గూడ మడతేనారా?" అన్నాడు. అది రెండు ఊళ్లకూ వినిపించింది. "అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. నవ్వి స్విచ్చు బంజేసిన" అన్నాడు అన్న. ఇంటికి పోయి తిండి తినలేదట. మర్నాడు పొద్దున అదే కాగితం అడిగి తెచ్చుకుని గడపలో కూర్చుంటే వాకిలి వెలుగుకు మడత నీడ ఒక పక్క పడింది. వెనక్కి తిరిగి కూర్చుంటే కిటికీ వెలుగుకు ఇంకో పక్క పడింది. వేలిముద్ర ఉన్నచోటే ఉంది. అప్పుడే రెండో దీపం ఆలోచన వచ్చింది.

"గందుకేనా, అంతా తయారైనంక జర ఆగుండ్రి, ఇంకోటి కలపాలె అని ఉరుక్కుంట వచ్చినవు?" మేడం స్టూలు మీంచి లేచి నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు. "ఓరి పిచ్చోడా! నీ ఇజ్జత్ పోయిందనుకుంటున్నవ్. ఆ రోజు మిషన్ తప్పు చూపెట్టింది గనుకనే రెండో దీపం అక్కడ లేదని చెప్పొచ్చు. ఇద్దరం పోయి ఇదే చెప్దాం."

"ఎవరికి?"

"కంట్రోలర్‌కు. పేటెంటు ఇచ్చేది ఆయనే. ప్రమాణం మీద. నీ నోటితోని."

"గది తప్ప ఏమన్న చేస్త మేడం" అన్నాడు అన్న. ఆమె బతిమాలలేదు. తెరతో ముందుగా చూపించే పెద్ద హక్కు ఎటూ పోయిందని, రెండు దీపాల హక్కు మిగలాలంటే ఇది చెప్పక తప్పదని, వచ్చేది రానిది అతని ఇష్టమని చెప్పి బస్సెక్కింది. హియరింగుకు మద్రాసు బయలుదేరే రోజు అన్న సంచీతో వచ్చాడు గాని, దారి పొడుగునా నోరు విప్పలేదు. చెబుతాడో లేదో మాకు తెలియదు.

హియరింగు అంటే పెద్ద కోర్టులా ఉంటుందనుకున్నాను. చిన్న గది, ఫైళ్ల బల్ల, పైన కిరకిరలాడే ఫ్యాను. కంట్రోలరు గారు నెరిసిన జుట్టాయన, పక్కన ఎగ్జామినరు. మేడం ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పూజ సంగతి చెప్పింది. తెర మీద ఎర్రగా చూపించడం గురించిన క్లెయిములను మేమే తీసేస్తున్నామంది. కంట్రోలరు కలం కింద పెట్టి, మిమ్మల్ని ఎవరూ అడగలేదే, మీ అంతట మీరు ఎందుకు చెబుతున్నారని అడిగాడు. ఆ రోజు జరిగింది నాకు తెలిసింది కాబట్టి అంది. ఆయన కాసేపు ఆమె వైపు చూసి, మరి రెండో దీపం కూడా ఆ రోజు అక్కడ లేదని నేనెలా నమ్మాలి, యంత్రం చేసిన మనిషినే చెప్పమనండి అన్నాడు.

అన్న లేచి నిలబడ్డాడు. అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఎంతసేపటికీ మాట రాదు. ఎగ్జామినరు గడియారం చూసుకున్నాడు. చివరికి అన్న గొంతు సవరించుకుని, "ఆ దినం అంతా మంచిగనే..." అన్నాడు. ఊరు మొత్తం చెప్పిన మాటే అతని నోట్లోంచీ వచ్చింది. మేడం దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు. తల తిప్పి అన్నను చూడనూ లేదు. బల్ల వైపే చూస్తూ, "ఇక్కడ నీకు తెలిసినోళ్లు ఎవరు లేరు జంగయ్యా, నేను తప్ప. నేను నవ్వ" అంది, తెలుగులో, చాలా నెమ్మదిగా.

అన్న చెప్పాడు. ఒక్క దీపం సంగతి, తెర మొత్తం ఎర్రబడటం, మైకులో పెద్దబాపు మాట, నవ్వులు. మేడం వాక్యం తర్వాత వాక్యం ఇంగ్లీషులోకి మారుస్తోంది. తానూ నవ్వానని అన్న చెప్పినచోట ఆమె ఆగి, నీళ్లు తాగి మళ్లీ చెప్పింది. తర్వాత గడప, వాకిలి వెలుగు, కిటికీ వెలుగు. చేతులు ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. ఎటు దిక్కు, దేని మీద, ఎంత అన్నీ మాటల్లోనే చెప్పాడు. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. కంట్రోలరు గారు ఒక చిత్తు కాగితం తీసుకుని మడత పెట్టి విప్పాడు. దాన్ని కిటికీ వైపు పట్టి చూశాడు. కుర్చీ తిప్పి తలుపు వైపు పట్టి చూశాడు. దాని మీద కలంతో ఒక గీత గీసి మళ్లీ రెండు దిక్కులా చూశాడు. ఎగ్జామినరుకు అందించాడు. ఆయనా లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. దీపాలు ఉన్నాయి గనుక ఇది వట్టి ప్రోగ్రాము కాదని మేడం చెప్పబోతే, నాకు అర్థమైంది, కూర్చోండి అన్నాడు కంట్రోలరు. మెట్లు దిగుతున్నప్పుడు అన్న నాతో అన్నాడు. "ఆకలైతున్నదే. ఏమన్న తిందాం పా." ఎన్నాళ్లకో నాతో నేరుగా మాట్లాడాడు. నాకు ఏడుపు ఆగలేదు.

పేటెంటు వచ్చింది, రెండు దీపాలకు మాత్రమే. హైటెక్ సిటీ కంపెనీకి అది చాలలేదు, మాట వెనక్కి తీసుకుంది. ఎర్రటి తెరను నగరంలో ఎవరికి వాళ్లు చేసుకున్నారు. రెండు దీపాల యంత్రం మాత్రం అన్నే చేసి పరిగి, వికారాబాద్ దుకాణాలకు ఇచ్చాడు, ఇప్పటికీ ఇస్తున్నాడు. కబురు తెలిసిన రోజు అన్న మొయినాబాద్ వచ్చి మేడం ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాలో తెలియక చేతులు వెనక్కే కట్టుకుని ఉన్నాడు. "అయిపోయింది గదా, ఇగ చేతులు ముంగటికి తీయి" అంది మేడం. అన్న చేతులు తీసి ఆమెకు దండం పెట్టాడు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పో, పో. ఇప్పుడు చూపియ్యి. ఎంతమందికి చూపిస్తవో చూపియ్యి" అని కసురుకుంది.

చూపించాడు. మళ్లీ షామియానా, మళ్లీ మైకు, అవే రెండు ఊళ్లు. అవ్వ మేడాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టింది. అదే కాగితం పలక మీద పెట్టారు. మడతలు ఎర్రబడ్డాయి. బాలయ్య పెద్దబాపు నాయన వేలిముద్ర నల్లగా, గీత గీత కనిపిస్తూ నిలబడింది. ఎవరూ నవ్వలేదు. పెద్దబాపు తెర దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసి, మైకు అందుకుని, "నేను చెప్పలేదా? ఆ దినం గూడ అచ్చం గిట్లనే వచ్చె!" అన్నాడు.

"అయ్యో, అట్ల అనకు పెద్దాయనా! పేటెంటు పోతది!" అని మేడం కుర్చీలోంచి లేచి అరిచింది. అప్పుడు నవ్వారు రెండు ఊళ్లూ. అందరికంటే పెద్దగా నవ్వింది మా అన్న.

ఆ తర్వాత మేడం దగ్గర ఒక కొత్త పద్ధతి వచ్చింది. పూజ చేసుకోవద్దని ఎవరికీ చెప్పేది కాదు. దరఖాస్తు వెళ్లేదాకా యంత్రం మీద దుప్పటి కప్పి చేసుకోమనేది. "దేవునికి చూపిచ్చుకో, ఆయన పోయి ఎవరికి చెప్పడు" అనేది. నన్ను చదివించి పేటెంట్ ఏజెంటు పరీక్ష రాయించింది, తన బోర్డు కింద నా పేరు రాయించింది. ఉబ్బసం ఆమెను చివరికి తీసుకుపోయింది. ఆమె లేని ఆ గదిలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుందని వచ్చేవాళ్లు అంటారు. అంటే నాకు లోపల సంతోషంగా ఉంటుంది.

మొన్న ఆ రేకుల షెడ్డులో బల్ల మీద గుడ్డ లాగి టమాటా యంత్రం మీద కప్పాను. కొబ్బరికాయ కొట్టారు. స్విచ్చు వేయనివ్వలేదు. జనం గొణుక్కుంటూ లడ్డూలు తిని వెళ్లిపోయారు. షెడ్డు ఖాళీ అయ్యాక కుర్రవాణ్ని పిలిచి చేతులు వెనక్కి కట్టుకోమన్నాను. ఇందాక చెవిలో అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాను.

"ఎవరికి చూపియ్యలే మేడం. ఒట్టు" అన్నాడు.

"మంచిది. మరి ఇది ఎన్నడన్న తప్పు చేసిందా?"

"లేదు మేడం. ఎన్నడు తప్పు చెయ్యలే. సూపర్ పనిచేస్తది" అన్నాడు గబగబా. చెబుతూనే తల వంచుకున్నాడు. వెనక కట్టుకున్న చేతులు బిగుసుకున్నాయి.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. "చెప్పు బిడ్డా. నేను నవ్వ" అన్నాను.